మస్కట్‌లో ఐపీఓకి ప్లాటు పైసలు మొత్తం పెడతానంటున్నాడు తమ్ముడు, చిన్న మార్కెట్లలో కొత్త షేర్లు నిజంగా అంత పెరుగుతాయా?

భీమారం_అన్న:

అందరికీ నమస్తే. మాది హన్మకొండ పక్కన భీమారం. మా తమ్ముడు మస్కట్‌లో ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీ స్టోర్స్‌లో పని చేస్తాడు, రువీలో ఉంటాడు. ఇద్దరం కలిసి కాజీపేట వైపు ఒక ప్లాటు కొందామని కొన్నేళ్లుగా పైసలు జమ చేస్తున్నాం, సగం అక్కడ వాడి బ్యాంకులో ఉంది, సగం ఇక్కడ నా పేరు మీద ఎఫ్‌డీలో ఉంది.

ఈ మధ్య ఫోన్ చేస్తే వాడి మాటలన్నీ ఐపీఓల మీదే, అంటే కంపెనీ షేర్లు మొదటిసారి జనానికి అమ్మడం, ఆ తర్వాత అవి షేర్ మార్కెట్‌లో లిస్టయి చేతులు మారడం. వాడి రూంలో ఉండే నేపాల్ అతను ఫోన్లోనే వాళ్ల దేశం ఐపీఓలకు అప్లై చేస్తాడట, తగిలినవన్నీ రెండింతలు మూడింతలు అయ్యాయట. పక్క రూంలోని బంగ్లాదేశ్ వాళ్లదీ అదే మాట. ఒమన్ ప్రభుత్వం కూడా తన ఆయిల్, గ్యాస్ కంపెనీల్లో వాటాలు ఐపీఓలు వేసి అమ్ముతోంది, అక్కడ పని చేసే మనవాళ్లు కూడా అప్లై చేయొచ్చట, కాబట్టి వచ్చే ఐపీఓకి మొత్తం పెట్టేద్దాం, ఇక్కడి ఎఫ్‌డీ కూడా తీసి పంపు అంటున్నాడు. అది కుదరకపోతే ఆ నేపాల్ అతని పేరు మీద, వాళ్ల ఇంట్లోవాళ్ల పేర్ల మీద అక్కడి ఐపీఓల్లో పెడదాం అంటాడు.

నాకు మన దగ్గరి షేర్ల సంగతే అంతంతమాత్రం తెలుసు. ఇలాంటి చిన్న మార్కెట్లను ఫ్రాంటియర్ మార్కెట్లు అంటారని, అక్కడ కొత్తగా లిస్టయిన షేర్లు మన దగ్గరికంటే ఎక్కువ పెరుగుతాయని యూట్యూబ్‌లో ఒకాయన చెప్తుంటే విన్నాను. నిజమేనా? మొదటిరోజు పెరిగాక తర్వాత ఏమవుతాయి? తెలిసినవాళ్లు జర వివరంగా చెప్పండి. ఊరికే వద్దంటే వాడు వినడు, లెక్క చూపిస్తే వింటాడు.

కేయూ_కామర్స్:

లెక్క అడిగారు కాబట్టి కొంచెం పొడుగ్గానే రాస్తున్నాను, ఓపికతో చదవండి.

ఫ్రాంటియర్ మార్కెట్ అంటే మన లాంటి ఎమర్జింగ్ మార్కెట్ కంటే కింది మెట్టు. లిస్టయిన కంపెనీలు తక్కువ, రోజూ చేతులు మారే షేర్లు ఇంకా తక్కువ, పెద్ద మొత్తం పెట్టినవాడు బయటికి రావాలంటే కష్టం. ఈ వర్గీకరణ ఎంఎస్‌సీఐ లాంటి సూచీ సంస్థలు చేస్తాయి. ఎంఎస్‌సీఐ ఫ్రాంటియర్ జాబితాలో ఒమన్, బహ్రెయిన్, బంగ్లాదేశ్, శ్రీలంక, కెన్యా, వియత్నాం ఉన్నాయి. పాకిస్తాన్ 2017లో పై మెట్టుకు వెళ్లి 2021లో మళ్లీ ఇక్కడికే దిగింది. ఖతార్, యూఏఈ 2014లోనే ఎమర్జింగ్ అయిపోయాయి. మీ తమ్ముడి రూమ్మేట్ దేశం నేపాల్ ఈ జాబితాలో కూడా లేదు, దాని మార్కెట్ ఇంకా చిన్నది.

మొదటిరోజు పెరుగుతాయన్నది అబద్ధం కాదు. దాదాపు ప్రతి దేశంలోనూ సగటున చూస్తే ఐపీఓలో ఇచ్చిన ధర (ఇష్యూ ధర) కంటే మార్కెట్‌లో మొదటిరోజు ధర (లిస్టింగ్ ధర) ఎక్కువే ఉంటుంది, చిన్న మార్కెట్లలో ఆ తేడా పెద్దది. కంపెనీ గురించి బయటివాళ్లకు తెలిసేది తక్కువ, దాని మీద రీసెర్చ్ రాసేవాళ్లు లేరు, కాబట్టి కొనేవాళ్లను రప్పించాలంటే ధర తగ్గించి పెట్టాల్సిందే. కొన్ని దేశాల్లో ఇష్యూ ధరను డిమాండ్ తేల్చదు, షేరు మీద రాసి ఉండే ముఖ విలువకో పాత లెక్కల పుస్తకాల ప్రకారమో పెడతారు. అలా పెట్టిన ధర ఎలాగూ తక్కువే ఉంటుంది.

అయితే ఆ సగటు లాభం మీ తమ్ముడికి అందుతుందా అన్నది వేరే ప్రశ్న. కెవిన్ రాక్ అనే ఆర్థికవేత్త 1986లో దీన్ని చాలా చక్కగా విడమరిచాడు. మంచి ఇష్యూ అని తెలిసినవాళ్లందరూ ఎగబడతారు, అప్పుడు మన వంతుకు వచ్చేది (అలాట్ అయ్యేది) పిడికెడు. బాగాలేని ఇష్యూకి తెలిసినవాళ్లు రారు, అప్పుడు మనం అడిగినంతా మనకే వస్తుంది. అన్ని ఐపీఓలకూ గుడ్డిగా అప్లై చేసేవాడి చేతికి పెరిగేవి కొంచెం, పడేవి బోలెడు వస్తాయి. పత్రికల్లో కనిపించే సగటు లాభంలో ఈ సంగతి ఉండదు.

ఇంకొకటి, యూట్యూబ్‌లో చెప్పనిది. చాలా ఫ్రాంటియర్ మార్కెట్లలో రోజుకు ఇంతకంటే పెరగకూడదని గట్టి పరిమితులుంటాయి. వియత్నాంలో హోచిమిన్ ఎక్స్ఛేంజ్‌లో మొదటిరోజు 20 శాతం, ఆ తర్వాత రోజుకు 7 శాతం. కాబట్టి మన దగ్గర ఒక్క పూటలో అయిపోయే పెరుగుదల అక్కడ వారాల పాటు రోజూ ఆ పై పరిమితిని (అప్పర్ సర్క్యూట్) తాకుతూ సాగుతుంది. ఆ రోజుల్లో తెర మీద ధర పెరుగుతూ కనిపిస్తుంది, కొందామంటే అమ్మేవాడుండడు. సర్క్యూట్ ఎప్పుడు తెగుతుందో అప్పుడు మాత్రమే బయటివాడికి షేర్లు దొరుకుతాయి, అంటే అలాట్ అయినవాళ్లు ఇక చాలు అనుకుని అమ్మడం మొదలుపెట్టాక. ఆ మార్కెట్ పుట్టుక చూస్తే ఇది బాగా అర్థమవుతుంది. 2000 జూలై 28న రెండే రెండు కంపెనీలతో మొదలైంది, సూచీ 100. అమ్మేవాళ్లు లేక, కొనేవాళ్లు ఎగబడి ఏడాది తిరగకముందే 2001 జూన్‌లో 571కి పోయింది. 2003 నాటికి 150 కిందికి పడింది. సూచీ 100 నుంచి లెక్కేస్తే లాభం, 500 దగ్గర చేతికి దొరికినవాడిని అడిగితే సర్వనాశనం.

జగిత్యాల_టు_దోహా:

సార్ చెప్పిన థియరీ బాగుంది కానీ నేను కళ్లారా చూస్తున్నది వేరే. మా క్యాంపులో నేపాల్ వాళ్లు చాలామంది. ప్రతి ఒక్కరి ఫోన్లో వాళ్ల షేర్ యాప్ ఉంటుంది, ఐపీఓ వచ్చిందంటే పని దిగి రాగానే అందరూ అదే పని. విదేశాల్లో పనిచేసేవాళ్లకు వాళ్ల ప్రభుత్వం ప్రతి ఐపీఓలో 10 శాతం విడిగా పెట్టింది కూడా. 100 రూపాయలకు తగిలిన షేరు 300, 400, ఇంకా పైన అమ్ముకున్నవాళ్లు నాకు తెలుసు. నష్టపోయినవాడిని నేను చూడలేదు. మనం ఇక్కడ ఎండలో చచ్చేంత కష్టం చేసి, పైసలు బ్యాంకులో ఆరు ఏడు శాతానికి పడేసి ఏం లాభం భయ్యా? ధైర్యం చేయాలి.

ఏనుమాముల_గేట్:

జగిత్యాల అన్నా, నువ్వు చూసింది నిజమే, కాదనను. కానీ ఒక్కొక్కరికి ఎన్ని షేర్లు వస్తాయో కూడా అడిగి చూడు. నేపాల్‌లో మామూలు ఐపీఓ 100 రూపాయల ముఖ విలువకు ఇస్తారు, జనం అంత ఎక్కువ కాబట్టి లాటరీ తీసి తగిలినవాడికి 10 షేర్లు ఇస్తారు. పది షేర్లంటే వాళ్ల వెయ్యి రూపాయలు. వాళ్ల 160 మన 100కు సమానం కాబట్టి మనవి 625 రూపాయలు. అది మూడింతలైతే మిగిలేది 1,250. నాలుగింతలైతే 1,875. అది కూడా లాటరీ తగిలితేనే. మూడింతలు అనే మాట వినడానికి మస్తుగా ఉంటుంది, కానీ అక్కడ లక్ష రూపాయలు తీసుకుపోయి పది షేర్ల ధరకు పెట్టే దారి లేదు. పెద్ద మొత్తం పెట్టాలంటే లిస్టయ్యాక పెరిగిన ధరకు కొనాలి, అక్కడి నుంచి కథ వేరు. లాక్-ఇన్ (ఇంతకాలం అమ్మకూడదన్న గడువు) అయిపోయి ప్రమోటర్ల, అంటే కంపెనీ యజమానుల, షేర్లు బయటికొచ్చే సమయానికి చాలా హైడ్రోపవర్ షేర్లు ఏమయ్యాయో ఆ క్యాంపులోనే పాతవాళ్లను అడుగు. వాళ్ల నెప్సే సూచీ 2021 ఆగస్టులో 3,198 దాకా పోయి మరుసటి ఏడాదే 2,000 కిందికి వచ్చింది.

మా పక్కన మిర్చి యార్డు ఉంది కాబట్టి ఆ మాటే చెప్తా. పొద్దున్నే జెండా పాట పాడతారు, ఆ రోజు వచ్చినవాటిలో మేలైన లాటుకు పలికిన ధర అది, మర్నాడు పేపర్లో వచ్చేదీ అదే. ఆ ధర చూసి ఊరి నుంచి లారీ ఎక్కించుకొచ్చిన రైతుకు తన బస్తాలకు ఆ ధర వస్తుందని గ్యారంటీ లేదు. ఐపీఓ మొదటిరోజు లాభం కూడా అంతే, అది ఒక లాటు ధర, మొత్తం యార్డుది కాదు.

భీమారం అన్నా, ఇక నేపాల్ అతని పేరు మీద పెట్టడం మాత్రం పూర్తిగా మర్చిపోండి. బయటిదేశం మనిషి అక్కడ మామూలుగా షేర్లు కొనే వీలే లేదు. అతని డీమ్యాట్‌లో ఉన్నవి చట్టం దృష్టిలో అతనివే. అతను ఎంత మంచివాడైనా సరే, రేపు అతనికేమన్నా అయితే ఇంట్లోవాళ్లను ఏ కాగితం చూపించి అడుగుతారు?

గీసుగొండ_గార్మెంట్స్:

బంగ్లాదేశ్ మాట వచ్చింది కాబట్టి నేను చెప్తాను. ఇక్కడ మెగా టెక్స్‌టైల్ పార్కు పనికి రాకముందు ఢాకాలో మర్చండైజర్‌గా చేశాను, ఆఫీసులో భోజనం దగ్గర షేర్లు తప్ప ఇంకో మాట ఉండేది కాదు. అక్కడి జనం ఇప్పటికీ చెప్పుకునేది రోబి అనే మొబైల్ కంపెనీ ఐపీఓ. 10 టాకాలకు ఇచ్చారు, 2020 డిసెంబర్ 24న లిస్టయింది. అప్పటి రూల్ ప్రకారం మొదటి రెండు రోజులు 50 శాతం చొప్పున, తర్వాత రోజుకు 10 శాతం చొప్పున పెరగొచ్చు. మొదటిరోజు 15, రెండోరోజు 22.50, ఇక ఆగలేదు. మూడు నాలుగు వారాల్లో 70 దాటింది.

కంపెనీ వ్యాపారం ఆ మూడు వారాల్లో ఏమన్నా మారిందా అంటే ఏమీ లేదు. సిమ్ కార్డులు అవే, టవర్లు అవే. పదికి తగిలినవాళ్లకు వచ్చింది చిన్న లాటు. అసలు డబ్బు పెట్టింది ఎవరంటే 50కి, 60కి, 70కి సర్క్యూట్ తెగినప్పుడు ఎగబడ్డవాళ్లు, అప్పు తెచ్చి కూడా పెట్టారు. కొన్ని నెలల్లోనే 50 కిందికి వచ్చింది. తర్వాత 2022 జూలైలో మార్కెట్ పడిపోతోందని అక్కడి నియంత్రణ సంస్థ అన్ని షేర్లకూ ఫ్లోర్ ప్రైస్ పెట్టింది, అంటే ఈ ధర కంటే కిందికి అమ్మకూడదు. రోబి 30 దగ్గర ఆగిపోయింది. వినడానికి రక్షణ లాగా ఉంటుంది కదా. నిజానికి ఏమైందంటే ఆ ధరకు కొనేవాడు లేడు, అంతకు తక్కువకు అమ్మనివ్వరు. పిల్ల పెళ్లికో ఆసుపత్రికో పైసలు కావాల్సినవాళ్లు షేర్లు చేతిలో పెట్టుకుని కూర్చున్నారు. ఎక్కువ షేర్ల మీద ఆ ఫ్లోర్ తీసేసింది 2024 జనవరిలో. అంటే దాదాపు ఏడాదిన్నర.

ఒకే షేరు. పదికి దొరికినవాడికి 30 దగ్గర కూడా మూడింతలు, 70కి కొన్నవాడికి సగం కంటే ఎక్కువ పోయింది, పైగా అమ్ముకునే దారి లేదు. పక్క రూం వాళ్లు పదికి దొరికిన కథే చెప్తారు తమ్ముడికి. రెండో కథ చెప్పేవాళ్లు ఎవరూ ఉండరు, అందుకే నాకు ఈ చర్చ చూసి రాయకుండా ఉండబుద్ధి కాలేదు.

నైరోబీ_రిటర్న్:

కెన్యా ముచ్చట కూడా వినండి, ఇది కొంచెం వేరే రకం, ఎందుకంటే ఇక్కడ కంపెనీ నిజంగా బంగారం లాంటిది. మందుల కంపెనీ పని మీద నైరోబీలో చాలాకాలం ఉన్నాను, సఫారీకామ్ ఐపీఓ గురించి చెప్పని కెన్యా మనిషి లేడు. 2008లో ప్రభుత్వం తన చేతిలో ఉన్న వాటాలో నుంచి 1,000 కోట్ల షేర్లు, అంటే కంపెనీలో 25 శాతం, షేరు 5 షిల్లింగుల చొప్పున అమ్మింది. అంతకు రెండేళ్ల ముందు కెన్‌జెన్ అనే కరెంటు కంపెనీ షేరు 11.90కి ఇస్తే మొదటిరోజే మూడింతలైంది, అది చూసిన జనం ఈసారి ఆవులు అమ్మి, బ్యాంకులో లోన్లు తీసి అప్లై చేశారు. బ్యాంకులే ఐపీఓ లోన్లని ప్రచారం చేసుకున్నాయి.

ఎగబడ్డ జనం ఎక్కువ కాబట్టి చిన్నవాళ్లకు అడిగినదాంట్లో ఐదో వంతు దగ్గరదగ్గర మాత్రమే అలాట్ అయింది. లెక్క చూడండి: లక్ష అప్పు తెస్తే ఇరవై వేల చిల్లర విలువ చేసే షేర్లు వచ్చాయి, మిగతాది రిఫండ్ వచ్చేదాకా లక్ష మీద వడ్డీ నడుస్తూనే ఉంది. జూన్ 9న లిస్టయింది, ముందు 7 దాటింది. అందరూ ఒక్కసారి అమ్మడం మొదలుపెట్టారు, మార్కెట్‌లో అంత సరుకు మింగే కొనుగోలుదారులు లేరు, పైగా ప్రపంచమంతా 2008 సంక్షోభం. ఆ ఏడాది తిరగకముందే 5 కిందికి పోయింది. అప్పు తెచ్చినవాళ్లు ఆగలేక అప్పుడే అమ్ముకున్నారు.

ఆగినవాళ్ల సంగతా? 2021లో అదే షేరు 40 దాటింది, మధ్యలో డివిడెండ్లు వేరే. ఎం-పెసా అనే ఫోన్ డబ్బుల సేవ ఆ కంపెనీదే, దేశమంతా దాని మీదే నడుస్తుంది. కాబట్టి నేను ఐపీఓలన్నీ దండగ అనను, మంచి కంపెనీని ఓపిగ్గా పట్టుకుంటే వస్తుంది, అందుకు పదేళ్లు పట్టొచ్చు. కెన్‌జెన్ షేరు మాత్రం మొదటిరోజు మూడింతలైనా, తర్వాత ఏళ్లలో ఇష్యూ ధర కంటే ఎంతో కిందికి దిగిపోయింది. మొదటిరోజు అదరగొట్టింది ఒకటి, తర్వాత జనాన్ని బాగు చేసింది ఇంకొకటి.

కరెన్సీ కూడా చూసుకోవాలి. సఫారీకామ్ ఐపీఓ రోజుల్లో డాలర్‌కు 60 చిల్లర షిల్లింగులు, 2024 జనవరి నాటికి 160. షేరు లాభంలో నుంచి అది తీసేస్తేనే మన చేతికి వచ్చేది తెలుస్తుంది.

మడికొండ_చింటు:

మన ఎస్ఎంఈ (చిన్న కంపెనీల) ఐపీఓలు కూడా ఇట్లనే కదా అన్నా? మా ఫ్రెండ్స్ అందరూ గ్రే మార్కెట్ ప్రీమియం (లిస్టింగ్‌కు ముందే బయట నోటిమాట మీద పలికే ఎక్కువ ధర) చూసి అప్లై చేస్తున్నారు.

ఏనుమాముల_గేట్:

చింటూ తమ్మీ, ఇండియా ఫ్రాంటియర్ కాదు కానీ ఎస్ఎంఈ బోర్డు నడిచే తీరు మాత్రం అచ్చం ఇదే, చిన్న కంపెనీ, కొద్ది షేర్లు, అప్పర్ సర్క్యూట్. 2024 ఆగస్టులో ఢిల్లీలో ఒక బైకుల డీలర్, రెండు షోరూములు, ఎనిమిది మంది పనివాళ్లు, 12 కోట్ల ఇష్యూకి 4,800 కోట్ల బిడ్లు వచ్చాయి. లిస్టయింది ఇష్యూ ధర దగ్గరే. అంతకుముందు నెలలోనే ఎన్ఎస్ఈ ఎక్స్ఛేంజ్ ఎస్ఎంఈ షేర్లు మొదటిరోజు ఇష్యూ ధర మీద 90 శాతం కంటే ఎక్కువకు ఓపెన్ కాకూడదని పరిమితి పెట్టింది. తర్వాత మన షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ రూల్స్ గట్టి చేసింది, ఇప్పుడు కనీసం రెండు లాట్లు, 2 లక్షల పైనే పెట్టాలి. గ్రే మార్కెట్ ధరకు ఏ కాగితమూ లేదు, దాన్ని నమ్మి అప్పు చేయకు.

సెబీ వాళ్లే 2021 ఏప్రిల్ నుంచి 2023 డిసెంబర్ దాకా వచ్చిన 144 ఐపీఓలు చూసి ఒక రిపోర్టు ఇచ్చారు. మామూలు జనం తమకు వచ్చిన షేర్లలో విలువ ప్రకారం సగం వారంలోనే అమ్మేశారు. 20 శాతం పైన లాభం ఉంటే మూడింట రెండొంతులు అమ్మేస్తారట, నష్టంలో ఉంటే నాలుగో వంతు కూడా అమ్మరు. పెరిగేది వదిలేసి పడేది పట్టుకుంటున్నారన్నమాట.

భీమారం_అన్న:

అందరికీ చాలా థాంక్స్. రోబి సంగతి, పది షేర్ల లెక్క వాడికి వాట్సాప్‌లో పంపాను. నేపాల్ మాట వదిలేశాడు. కానీ ఒమన్ వేరు అంటున్నాడు. అక్కడ ప్రభుత్వ కంపెనీలు, రియాల్ గట్టి కరెన్సీ, లాటరీ లేదు, తన సొంత పేరు మీదే అకౌంట్ అంటాడు. ఇందులో తప్పేముంది? ఇంకా ఇక్కడి ఎఫ్‌డీ పైసలు పంపాలంటే రూల్స్ ఏంటి?

సుబేదారి_సీఏ:

మీ తమ్ముడు చెప్పినవాటిలో నిజం ఉంది. ఒమన్ రియాల్ 1986 నుంచి డాలర్‌కు ఒకే రేటుతో కట్టేసి ఉంది, ఒక రియాల్ దాదాపు 2.60 డాలర్లు, కాబట్టి కెన్యా లాంటి కరెన్సీ బాధ ఇప్పటిదాకా లేదు. మస్కట్ ఎక్స్ఛేంజ్‌లో తన పేరు మీదే ఖాతా తీసుకోవచ్చు. అది పూర్తిగా చట్టబద్ధం.

అయితే ప్రభుత్వ కంపెనీ అయితే మొదటిరోజు లాభం ఖాయం అన్నది మాత్రం ఒమన్‌లోనే తప్పని తేలింది. ఒకే ప్రభుత్వ గ్రూపు, ఏడాది తేడాతో రెండు ఐపీఓలు. 2023 అక్టోబర్‌లో గ్యాస్ పైపులైన్ల కంపెనీ ఓక్యూ గ్యాస్ నెట్‌వర్క్స్‌ను షేరు 140 బైసాలకు (వెయ్యి బైసాలు ఒక రియాల్) అమ్మారు, ఇష్యూ కంటే పద్నాలుగు రెట్ల దగ్గర డిమాండ్ వచ్చింది, మొదటిరోజు పైకే పోయింది. 2024 అక్టోబర్‌లో చమురు బావుల కంపెనీ ఓక్యూఈపీ, షేరు 390 బైసాలు, 200 కోట్ల డాలర్ల పైన సేకరించారు, ఒమన్‌లో అప్పటిదాకా అంత పెద్దది రాలేదు. డిమాండ్ మూడు రెట్ల లోపే. లిస్టింగ్ రోజునే ఇష్యూ ధర కిందికి పడింది. పైన కేయూ సార్ చెప్పిన రాక్ లెక్కను ఇక్కడ పెట్టి చూడండి. రెండింటికీ ఒకే మొత్తంతో అప్లై చేసినవాడికి పెరిగినదాంట్లో కొద్దిగా వచ్చి ఉంటుంది, పడినదాంట్లో చాలా ఎక్కువ వచ్చి ఉంటుంది.

ఇందులో అన్యాయమేమీ లేదు. అమ్మేది ప్రభుత్వం, దానికి బడ్జెట్‌కు డబ్బు కావాలి, మంచి ధరకు అమ్ముకోవాలనే చూస్తుంది. కొత్త షేర్లు జారీ చేసి కంపెనీని పెంచడం వేరు, ఉన్న వాటా అమ్ముకోవడం వేరు. రెండో రకంలో మనం ఇచ్చే డబ్బు కంపెనీలోకి పోదు. అప్లై చేసే ముందు ప్రాస్పెక్టస్‌లో (ఐపీఓ వివరాల పుస్తకంలో) ఈ ఒక్కటి తప్పకుండా చూసుకోమనండి. డివిడెండ్ ఎంత ఇస్తామన్నారు, చమురు ధర పడితే అది నిలబడుతుందా అన్నది తర్వాతి ప్రశ్న. ఇలాంటి కంపెనీలను మొదటిరోజు లాభానికి కాదు, డివిడెండ్ కోసం కొనాలి.

రూల్స్ సంగతి. తమ్ముడు ఎన్ఆర్ఐ కాబట్టి అక్కడ సంపాదించిన డబ్బుతో అక్కడ షేర్లు కొనడానికి మన దగ్గర ఎవరి అనుమతీ అక్కర్లేదు. రేపు ఇండియాకు వచ్చేసినా ఫెమా (విదేశీ మారకం) చట్టం 6(4) సెక్షన్ ప్రకారం వాటిని అట్టే పెట్టుకోవచ్చు, కాకపోతే పన్ను లెక్కలో ఆర్డినరీ రెసిడెంట్ అయిన ఏడాది నుంచి ఇన్‌కమ్ టాక్స్ రిటర్న్‌లో ఫారిన్ అసెట్స్ షెడ్యూల్‌లో చూపించాలి, చాలామంది గల్ఫ్ నుంచి వచ్చి ఇది మర్చిపోతారు, నోటీసులు వస్తాయి. మీ ఎఫ్‌డీ పంపడం ఎల్ఆర్ఎస్ (ఇక్కడివాళ్లు విదేశాలకు డబ్బు పంపే రిజర్వ్ బ్యాంక్ పథకం) కింద కుదురుతుంది, ఏడాదికి 2.5 లక్షల డాలర్ల దాకా. 10 లక్షలు దాటిన మొత్తం మీద బ్యాంకు 20 శాతం టీసీఎస్ (ముందుగా వసూలు చేసే పన్ను) పట్టుకుంటుంది, రిటర్న్ వేశాక సర్దుబాటు అవుతుంది కానీ అప్పటిదాకా ఆ డబ్బు మీ చేతిలో ఉండదు. పైగా ఎఫ్‌డీ ముందే తీస్తే వడ్డీ కోత. ఒక ఐపీఓ కోసం ఇంత తిప్పడం నాకైతే అర్థం లేని పని అనిపిస్తుంది. ఎఫ్‌డీ ఇక్కడే ఉండనివ్వండి.

భీమారం_అన్న:

సీఏ గారూ, చాలా స్పష్టంగా చెప్పారు. ఎఫ్‌డీ కదపను. ఒక్క చివరి ప్రశ్న, కేయూ సార్ కూడా చెప్పాలి: ఐపీఓలో కొంచెమే వస్తుంది అంటున్నారు, మరి లిస్టయ్యాక ధర పడితే అప్పుడు కొనడం మంచిదా? ఎంతకాలం ఆగాలి?

కేయూ_కామర్స్:

చాలాసార్లు అదే మంచిది, తొందరపడకుండా. అమెరికాలో జే రిట్టర్ అనే ప్రొఫెసర్ 1975 నుంచి 1984 దాకా వచ్చిన 1,526 ఐపీఓలు చూశాడు, మొదటిరోజు ముగింపు ధరకు కొని మూడేళ్లు ఉంచితే సగటున 34 శాతం వచ్చింది, అదే సైజు, అదే రంగం పాత కంపెనీలు కొన్నవాళ్లకు దాదాపు 62 శాతం వచ్చింది. ఇది అమెరికా లెక్క, ఒమన్‌కు అవే అంకెలు వస్తాయని చెప్పడానికి లేదు, కానీ కారణం అన్నిచోట్లా పనిచేస్తుంది: మార్కెట్ మంచి ఊపు మీద ఉన్నప్పుడే యజమానులు అమ్ముతారు.

కాబట్టి తమ్ముడికి ఇలా చెప్పండి. ఐపీఓకి అప్లై చేయాలనుకుంటే అక్కడి జీతంలో మిగిలిందాంట్లో చిన్న భాగంతో చేసుకోమనండి, పూర్తిగా అలాట్ అయినా నిద్ర పట్టేంత మొత్తం. లిస్టయ్యాక కొనాలనుకుంటే కనీసం రెండు మూడు త్రైమాసికాల ఫలితాలు, ఒక డివిడెండ్ చూసి, లాక్-ఇన్ తేదీ దాటాక చూడమనండి. ఆ తేదీ ప్రాస్పెక్టస్‌లోనే ఉంటుంది. ఇంకా ఎక్స్ఛేంజ్ వెబ్‌సైట్‌లో ఆ షేరు రోజూ ఎంత విలువకు చేతులు మారుతోందో ఒక నెల రాసి పెట్టుకోమనండి. తను కొనాలనుకున్న మొత్తం ఒక మామూలు రోజు టర్నోవర్‌లో నూటికి ఒక వంతు కంటే ఎక్కువైతే ఆ షేరు తన సైజుకు కాదు. కొనేరోజు ఎలాగో దొరుకుతాయి, ప్లాటు రిజిస్ట్రేషన్ కోసం అమ్మాల్సిన రోజు కొనేవాళ్లు ఉండాలి కదా.

భీమారం_అన్న:

సరే సార్. ఈ మెసేజ్ వాడికి పంపాను, టర్నోవర్ లెక్క ఈ నెల నుంచే రాస్తానన్నాడు. ఎఫ్‌డీ మార్చిలో మెచ్యూర్ అవుతుంది, అప్పటిదాకా ప్లాటు సంగతే చూస్తాం.